విమానం నుండి వీధికి: ప్రయాణసౌకర్యాల పునర్విక్రయం – అస్వామివిక్రయభావన, గోదావరి డెల్టా అనుభవం

వ్యాససంగ్రహం

విమానంలో ప్రయాణికుని చేతికందే వస్తువులు, అతని పేరున జమపడే హక్కులు, అతని పెట్టెకు దక్కే సుంకం మినహాయింపు – ఈ మూడింటిని తిరిగి అమ్ముకోవడాన్ని వ్యవహారంలో ఒకే గాటన కట్టడం కనిపిస్తుంది. న్యాయదృష్టిలోను, సామాజికదృష్టిలోను ఇవి భిన్నమైనవి. ధర్మశాస్త్రాలలోని యాచితం, అస్వామివిక్రయం అనే భావనల వెలుగులో ఈ భేదాన్ని వివరించి, గోదావరి డెల్టా నుండి గల్ఫ్ దేశాలకు సాగిన వలసలో అది ఎటువంటి రూపం తీసుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అస్వామివిక్రయం, యాచితం, కానుక, లగేజీ, సుంకం, గల్ఫ్ వలస, సీమసరుకు, కడియం.

1. ప్రవేశిక

కడియం మండలంలోని కడియపులంక మీదుగా సాగే 16వ నంబరు జాతీయరహదారి ఒకవైపు రాజమహేంద్రవరాన్ని, మరొకవైపు రావులపాలెం ద్వారా కోనసీమను కలుపుతుంది. మొక్కలకు, పూలకు కడియం పేరుపొందింది. ఈ దారిన వెళ్ళే లారీలలో ఎక్కువగా కనబడేవి అవే. అయితే కొన్ని దశాబ్దాలుగా ఇదే దారిన మరొక రకం సరుకు కూడా నడుస్తున్నది. అది గల్ఫ్ దేశాల నుండి సెలవు మీద వచ్చే డెల్టావాసుల అట్టపెట్టె. దానికి నైలాన్ తాడు బిగించి ఉంటుంది. నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. మధురపూడి విమానాశ్రయం దేశీయసర్వీసులకే పరిమితమైనందున కువైట్, దుబాయ్, మస్కట్‌ల నుండి వచ్చేవారు హైదరాబాదులోనో చెన్నైలోనో దిగి, అక్కడ కస్టమ్స్ తనిఖీ ముగించుకొని, రైలులోనో బస్సులోనో కారులోనో డెల్టాకు చేరుతారు. పెట్టె తెరిచేది ఇంట్లోనే అయినా, దానిలో ఏది స్వంతం, ఏది కానుక, ఏది అమ్మదగినది అన్న నిర్ణయం చట్టపరంగా విమానాశ్రయంలోనే జరిగిపోతుంది. ఆ నిర్ణయానికి, పెట్టె తెరిచాక ఊరు చేసే నిర్ణయానికి మధ్య ఉన్న ఎడమే ఇక్కడి చర్చావిషయం.

“విమానంలోంచి తెచ్చినది” అనే మాటకు రెండర్థాలున్నాయి. విమానసంస్థకు చెందిన దుప్పటి, చెంచా, హెడ్‌ఫోను వంటివి దిగేటప్పుడు సంచిలో వేసుకోవడం ఒకటి. విమానప్రయాణం వల్ల మాత్రమే దక్కిన అవకాశంతో, అంటే బరువు పరిమితి, సుంకం మినహాయింపు, మైళ్ళ ఖాతా వంటివాటితో, సంపాదించినదాన్ని నేలమీద అమ్మడం మరొకటి. మొదటిది చిన్న దొంగతనం. రెండవది చాలా సందర్భాలలో నేరమే కాదు. కాని పరువు విషయంలో రెండింటికీ ఒకే మచ్చ అంటుతున్నది. గల్ఫ్ నుండి వచ్చిన మనిషి దుప్పటి అమ్మిందంటే అది ఎక్కడిదన్న ప్రశ్న ముందు పుడుతుంది. ఆమె అక్కడి దుకాణంలో జీతపుడబ్బు పెట్టి కొన్నదేమో అన్న ఆలోచన తరువాత వస్తుంది. వర్గీకరణ స్పష్టంగా లేకపోవడం వల్ల జరిగే అన్యాయమిది.

2. యాచితం, అస్వామివిక్రయం

మనుధర్మశాస్త్రం పేర్కొన్న పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, రెండవది నిక్షేపం, మూడవది అస్వామివిక్రయం. తనది కానిదాన్ని అమ్మడం అస్వామివిక్రయం. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య ఈ భాగాన్ని విస్తరించి చెప్పింది. దానిని అనుసరించి 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యంలోకి తేవడంతో ఈ న్యాయపరిభాషకు మన సాహిత్యంలో చోటు ఏర్పడింది. ఆధునికవిషయానికి పాతమాటను అంటగట్టడం కోసం కాక, నేటి వాడుకలో లేని సూక్ష్మభేదం ఆ పరిభాషలో ఉన్నందువల్ల ఇక్కడ దానిని ఆశ్రయించవలసి వస్తున్నది.

దాచమని ఇచ్చినది నిక్షేపం. వాడుకొని తిరిగి ఇమ్మని ఇచ్చినది యాచితం. పెళ్ళికి ఎరువు తెచ్చుకున్న నగలు, బట్టలు వ్యాఖ్యాతలు యాచితానికి చూపే ఉదాహరణలు. నిక్షేపానికి చెప్పిన నియమాలే యాచితానికీ వర్తిస్తాయని యాజ్ఞవల్క్యుడు విధించాడు. విమానంలో సీటు మీద మడతపెట్టి ఉంచే దుప్పటి అచ్చంగా యాచితం. ప్రయాణికుడు అడగకుండానే ఇవ్వడం, ప్లాస్టిక్ సంచిలో కొత్తదానిలా ఉండడం, దిగేటప్పుడు ఎవరూ లెక్క అడగకపోవడం – ఈ మూడూ కలిసి దానిని కానుకగా భ్రమింపజేస్తాయి. దానికి పూర్తిగా భిన్నమైనది పై తరగతులలో ఇచ్చే చిన్నసంచి. అందులోని పళ్ళకుంచె, మేజోళ్ళు, లేపనం ప్రయాణికునికి ఇచ్చివేసినవే. కప్పుకునేది ఎరువు, మేజోడు దానం. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువులకు రెండు న్యాయాలు. ఇక భోజనం, పానీయం మూడవరకం. అవి అక్కడ అనుభవించడానికి ఇచ్చినవి. ప్రాణరక్షణ కోసం సీటు కింద అమర్చిన లైఫ్‌జాకెట్‌ను ఈ చర్చలోకి తేవడమే తగదు. దానిని తీసుకుపోతే తరువాత ఆ సీటులో కూర్చునేవారి ప్రాణానికి ముప్పు.

నేటి చట్టం కూడా ఇదే గీత గీస్తుంది. యజమాని సమ్మతి లేకుండా, అన్యాయంగా పొందే ఉద్దేశంతో చరవస్తువును కదల్చడమే దొంగతనమని భారతీయ శిక్షాస్మృతి 378వ సెక్షన్ నిర్వచించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అది 303వ సెక్షన్. దొంగసొత్తని తెలిసి పుచ్చుకోవడం 317వ సెక్షన్ కిందికి వస్తుంది. అమ్మినవానికి లేని యాజమాన్యం సాధారణంగా కొన్నవానికి సంక్రమించదని 1930 నాటి వస్తువిక్రయచట్టం 27వ సెక్షన్ చెబుతుంది. అస్వామివిక్రయానికి అది ఆధునికరూపం. కొన్నవాడి బాధ్యత గురించి యాజ్ఞవల్క్యుడు చెప్పిన గుర్తులు గమనించదగినవి. అంత సొత్తు ఉండడానికి అవకాశం లేనివాని వద్ద, చాటుగా, మరీ తక్కువ ధరకు, వేళకాని వేళలో కొంటే ఆ కొన్నవాడూ దొంగతో సమానుడే. ఈ నాలుగు గుర్తులలో మొదటిదానిపట్ల నేటి పాఠకుడు జాగ్రత్త వహించాలి. పేదవాని చేతిలోని విలువైన వస్తువు దొంగిలించినదే అయి ఉంటుందన్న అనుమానం ఆ గుర్తులోనే దాగి ఉంది. గల్ఫ్ నుండి వచ్చిన పనిమనిషి మీద పడే చూపు అంత పాతది.

విమానసంస్థల ప్రవర్తన ఈ గీతను మరింత చెరిపివేస్తున్నది. వర్జిన్ అట్లాంటిక్ సంస్థ బుల్లివిమానాల ఆకారంలో చేయించిన ఉప్పు, మిరియాల బుడ్లు తరచు మాయమవుతుండగా, వాటి అడుగున “వర్జిన్ అట్లాంటిక్ నుండి కాజేసినది” అనే అర్థం వచ్చే మాటలు అచ్చొత్తించింది. దొంగతనాన్ని ప్రచారంగా మార్చుకున్న చమత్కారం అది. పై తరగతి ప్రయాణికుడు కాజేస్తే అది చమత్కారం; అదే చేతికి అందిన ఎకానమీ దుప్పటికి ఆ మన్నన దొరకదు. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు క్వాంటాస్ సంస్థ తన బోయింగ్ 747 విమానాలలోని పానీయాల బండ్లను సరుకుతో సహా అమ్మకానికి పెట్టగా, 1,000 బండ్లు గంటల వ్యవధిలో అమ్ముడుపోయాయి. స్వామి స్వయంగా అమ్మాడు కాబట్టి అక్కడ ప్రశ్న లేదు.

మన ఎయిర్ ఇండియా చరిత్రలో రెండు కొసలూ కనిపిస్తాయి. 1967లో సాల్వడార్ డాలీ ఆ సంస్థ కోసం ఒక పింగాణీ బూడిదపళ్ళెం రూపొందించాడు. ఒకవైపు నుండి హంసగా, తలకిందులుగా చూస్తే ఏనుగుగా కనిపించే ఆ పళ్ళేనికి ప్రతిఫలంగా ఆయన కోరినది ఒక ఏనుగుపిల్లను. సంస్థ దానిని విమానంలో పంపింది. ఆ పళ్ళేలను మొదటితరగతి ప్రయాణికులకు కానుకగా ఇచ్చారు కాబట్టి నేడు వేలంలో అమ్మినా అది స్వామివిక్రయమే. దీనికి ఎదురుకొస 2017లో బయటపడింది. 1991లో సంస్థ కొన్న జతిన్ దాస్ చిత్రం ‘ఫ్లయింగ్ అప్సర’ బజారులో అమ్మకానికి తిరుగుతున్నదని చిత్రకారుడే గుర్తించాడు. ఫిర్యాదు, విచారణల అనంతరం అది తిరిగి సంస్థకు చేరింది. సంస్థ ప్రైవేటీకరణ తరువాత ఆ కళాసంపదను జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలకు అప్పగించారు. వస్తువులు తరలిపోవడమంటే ప్రయాణికుల సంచులనే తలచుకోవడం ఎంత పాక్షికమో ఈ ఉదంతం చెబుతుంది.

3. పేరుకు అతుక్కున్న హక్కులు

దుప్పటికి ఒక స్వామి ఉన్నాడు. మైళ్ళకు స్వామి ఎవరు? 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన పథకంతో తరచు ప్రయాణించేవారికి మైళ్ళు జమచేసే పద్ధతి విస్తరించింది. కొద్దికాలానికే అక్కడ ‘కూపన్ బ్రోకర్లు’ అనే మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. వ్యాపారపనుల మీద తిరిగేవారి వద్ద ఉచితటికెట్ల కూపన్లు కొని ఇతరులకు అమ్మేవారు వీరు. బదిలీ చేయరాదన్న షరతును కాపాడుకోవడానికి విమానసంస్థలు కోర్టుల కెక్కాయి. అదే 1981లో అమెరికన్ సంస్థ 2,50,000 డాలర్లకు జీవితకాల అపరిమితప్రయాణపు పాసు అమ్మింది. దానిని పొందినవారిలో కొందరు తోటిప్రయాణికుని సీటును దుర్వినియోగం చేస్తున్నారని, ఒకరైతే డబ్బుకు అమ్ముకున్నారని ఆరోపిస్తూ 2008లో సంస్థ ఆ పాసులు రద్దుచేసింది. డబ్బిచ్చి కొన్నదాన్ని కూడా అమ్ముకోలేకపోవడం ఇక్కడి విశేషం. కారణం సులభమే. అమ్మినది సీటును కాదు, ఒక వ్యక్తికి ఇచ్చిన అనుమతిని. వ్యక్తి నుండి వేరుచేస్తే ఆ అనుమతి మిగలదు. కనుక దీనిని అస్వామివిక్రయం అనడం కూడా సరికాదు. అమ్మకానికి వస్తువే లేదు.

ఈ సూత్రం డెల్టావాసికి కొత్త కాదు. కడియం స్టేషనులో రైలెక్కేవానికి తెలిసినదే. 1989 నాటి రైల్వేచట్టం 142వ సెక్షన్ టికెట్టును మరొకరికి బదిలీ చేయడాన్ని, 143వ సెక్షన్ అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేయడాన్ని శిక్షార్హం చేశాయి. విశ్వవిద్యాలయాలవారికి దగ్గరగా ఉండే ఉదాహరణ మరొకటి ఉంది. ప్రభుత్వఖర్చుతో చేసిన విమానప్రయాణాలలో జమపడిన మైళ్ళను కార్యాలయ ప్రయాణాలకే వినియోగించాలని, సొంత ప్రయాణాలకు వాడుకుంటే శాఖాపరమైన చర్య తప్పదని కేంద్రప్రభుత్వం ఉద్యోగులకు ఉత్తర్వు ఇచ్చింది. మైలు ఉద్యోగి పేరున పడినా, దాని వెనుక డబ్బు ప్రభుత్వానిదన్నమాట. సదస్సులకు వెళ్ళివచ్చేవారిలో ఎందరు ఈ లెక్క చూసుకుంటారన్నది వేరే చర్చ.

4. సీమ నుండి ఫారిన్ దాకా

బయటినుండి వచ్చిన వస్తువును తెలుగు ఎలా పిలిచిందో చూస్తే, ఆ వస్తువు ఏ దారిన, ఎవరి చేత వచ్చిందో తెలుస్తుంది. హద్దు అనే అర్థమున్న ‘సీమ’ దేశమనే అర్థానికి, ఆ తరువాత తెల్లవారి దేశమనే అర్థానికి విస్తరించింది. సీమచింత, సీమవంకాయ, సీమపంది, సీమటపాకాయ – వీటిలో సీమ అంటే దూరదేశం, అంతే. సీమచింత నిజానికి మధ్య అమెరికా చెట్టు. ఓడలు తెచ్చిన ఈ సరుకుకు తెచ్చిన మనిషి పేరు లేదు.

బర్మా వలస దీనిని మార్చింది. కోరంగి, కాకినాడ రేవుల నుండి రంగూనుకు వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఇక్కడివారికి రంగూను ‘రంగం’. రంగం వెళ్ళివచ్చిన మనిషి, అతడు తెచ్చిన వస్తువు కలిసి గుర్తుండడం అప్పటినుండి మొదలైంది. 1962లో నెవిన్ సైనికప్రభుత్వం ఏర్పడ్డాక తిరిగివచ్చిన కాందిశీకులను బంగారం, డబ్బు వెంట తెచ్చుకోకుండా కట్టడిచేశారు. మద్రాసు రేవు దగ్గర 1969లో వెలసిన బర్మాబజారు ఆ కాందిశీకుల జీవనోపాధే. తరువాతి కాలంలో అది నావికులు, ప్రయాణికులు తెచ్చిన విదేశీసరుకు దొరికే చోటుగా దక్షిణాది అంతటా పేరుపడింది. విదేశాల మధ్య తిరుగుతూ లగేజీలో సరుకు మోసి బతికేవారిని తమిళులు ‘కురువి’, అంటే పిచ్చుక, అన్నారు. ఒక్కొక్క గింజగా ముక్కున కరుచుకు వచ్చే పిట్ట అనే ఆ పోలికలో నింద కంటే జాలి ఎక్కువ.

తెలుగులో అలాంటి పేరు స్థిరపడలేదు. మనం వస్తువుకే పేరు పెట్టుకున్నాం. ‘ఫారిన్ చీర’, ‘ఫారిన్ సెంటు’, ‘దుబాయ్ సామాను’, ‘కువైట్ దుప్పటి’ అన్నవి అటువంటివి. ‘ఫారిన్’ అనే విశేషణం ఇంగ్లీషులో కేవలం పరాయితనాన్ని తెలుపుతుంది. కోస్తా తెలుగులో అది నాణ్యతను తెలుపుతుంది. దిగుమతులు స్వేచ్ఛగా లేని 1970, 80 దశకాలలో ఆ మాటకు ఉన్న మెరుపు, 1991 సంస్కరణల తరువాత అన్నీ బజారులోనే దొరకడం మొదలయ్యాక క్రమంగా తగ్గింది.

5. గల్ఫ్ పెట్టె: కానుకకు, అమ్మకానికి మధ్య

ఉభయగోదావరుల నుండి, ముఖ్యంగా కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళినవారిలో ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు గణనీయంగా ఉన్నారు. కడప ప్రాంతంతో పాటు కువైట్ వలసకు ఈ డెల్టా ప్రసిద్ధం. రెండు మూడేళ్ళకు ఒకసారి వచ్చే సెలవులో ఆమె తెచ్చే పెట్టె మీద ఎన్నో కళ్ళు ఉంటాయి. తల్లికి దుప్పటి, అన్నదమ్ములకు వాచీలు, వదినకు సెంటుసీసా, పిల్లలకు పాలపొడి, టాంగ్, బాదం, ఖర్జూరాలు, పక్కింటికి సబ్బులు. వీసాకు అప్పిచ్చినవారికి కూడా ఏదో ఒకటి. విమానసంస్థ ఇచ్చే బరువు సాధారణంగా 30 కిలోలో 40 కిలోలో. బంధుత్వాలన్నీ ఆ తూకంలో ఇమడాలి.

ఈ పెట్టెను చట్టం ఎలా చూస్తుంది? 1962 నాటి కస్టమ్స్ చట్టం 79వ సెక్షన్ సదుద్దేశంతో తెచ్చిన లగేజీకి సుంకం మినహాయింపునిస్తుంది. ప్రయాణికుడు వాడుకొన్నది, తన లేదా కుటుంబం వాడకానికి తెచ్చినది, నిజమైన కానుక, జ్ఞాపిక – ఇవే సదుద్దేశానికి కొలతలు. 2016 నాటి లగేజీ నిబంధనలు చాలా దేశాల నుండి వచ్చే ప్రయాణికునికి 50,000 రూపాయల విలువవరకు మినహాయింపు ఇచ్చాయి. ఏడాదికి మించి విదేశంలో ఉండివచ్చినవారికి నగల విషయంలో పురుషునికి 20 గ్రాములు, స్త్రీకి 40 గ్రాములు, విలువ పరిమితులతో అనుమతించాయి. 2013 ఆగస్టు నుండి పలచని టీవీని ఈ మినహాయింపు నుండి తొలగించడానికి కారణం స్పష్టమే. ప్రయాణికుల చేతులమీదుగా టీవీల వ్యాపారమే సాగుతున్నదని ప్రభుత్వం భావించింది. చట్టంలో అమ్మకమనే మాటకు చోటు లేదు. అమ్మాలనే ఉద్దేశంతో తెస్తే అది లగేజీ కాక సరుకు అవుతుంది.

డెల్టాలోని ఇంట్లో ఈ విభజన అంత తేలికగా నిలవదు. పెట్టెలోని రెండవ దుప్పటిని చూసి పొరుగావిడ ముచ్చటపడుతుంది. ఆమె తీసుకొని, “ఊరికే తీసుకోకూడదమ్మా, ఖర్చులకు ఉంచుకో” అంటూ నోట్లు చేతిలో పెడుతుంది. ఇది అమ్మకమా? ధర అడగలేదు, బేరం ఆడలేదు. కానుకా? డబ్బు చేతులు మారింది. పెళ్ళిలో చదివింపులు చదివించి పద్దు రాసుకునే సమాజంలో ఈ మధ్యస్థితి వింతేమీ కాదు. కానుకకు తిరుగుకానుక బాధ్యతగా వస్తుందని మార్సెల్ మోస్ 1925లో చెప్పిన సూత్రానికి చదివింపుల పద్దు లిఖితసాక్ష్యం వంటిది. వస్తువులకు కూడా జీవితచరిత్ర ఉంటుందని, ఒకే వస్తువు ఒక దశలో సరుకుగా, మరొక దశలో సరుకు కానిదిగా ఉంటుందని ఇగోర్ కొపిటాఫ్ 1986లో ప్రతిపాదించాడు. కువైట్ దుప్పటి అక్కడి దుకాణంలో సరుకు, విమానంలో లగేజీ, ఇంట్లో కానుక, పొరుగింట మళ్ళీ సగం సరుకు. ఏ దశలోనూ అది దొంగసొత్తు కాదు.

కొంతమంది మరికొంత ముందుకు వెళ్ళి, తిరుగుప్రయాణపు ఖర్చుకోసం, వడ్డీ కట్టడంకోసం పెట్టెలోని వస్తువులను తెలిసినవారికి బాహాటంగా అమ్ముకున్నారు. టేపురికార్డరు అమ్మి పిల్లల ఫీజు కట్టినవారిని స్మగ్లర్లనడం అతిశయోక్తి. అమ్మాలనే ఉద్దేశం తెచ్చేనాడు ఉన్నదా, అవసరం పడి తరువాత పుట్టినదా అన్నదే అక్కడ ప్రశ్న. దానికి జవాబు మనసులోనిది గనుకనే చట్టం విలువకు, బరువుకు, సంఖ్యకు ఆశ్రయించింది. ఒక సెంటుసీసా వాడకం, ఇరవై సీసాలు వ్యాపారం.

అమ్మరాదన్న నియమం ఎవరూ విధించకపోయినా సమాజమే అమ్మని వస్తువు కూడా పెట్టెలో ఉంటుంది. హజ్, ఉమ్రాల నుండి వచ్చేవారికి విమానసంస్థలు అదనపు బరువుగా అనుమతించే జంజం నీటిడబ్బా అటువంటిది. దానిని బంధువులకు గుక్కెడు గుక్కెడుగా పంచుతారు. 2019 జూలైలో చిన్న విమానాలు వాడవలసి వచ్చిందంటూ జెడ్డా–హైదరాబాద్–ముంబై, జెడ్డా–కొచ్చిన్ సర్వీసులలో ఆ డబ్బాలను అనుమతించబోమని ఎయిర్ ఇండియా ప్రకటించింది. ఆక్షేపణ రాగానే వెనక్కు తీసుకున్నది. సంస్థ లెక్కలో అది కొన్ని కిలోల బరువు. యాత్రికుని లెక్కలో ప్రయాణఫలమే అది.

6. అద్దెకిచ్చిన అర్హత

పెట్టెలోని వస్తువును అమ్మడం ఒకటి, పెట్టె తెచ్చుకునే అర్హతనే అమ్మడం ఒకటి. రెండవదానికి అతి పెద్ద ఉదాహరణ 1992 నాటి బంగారం పథకం. 1968 నాటి బంగారం నియంత్రణచట్టం 1990లో రద్దయింది. రెండేళ్ళకు, విదేశంలో కనీసం ఆరునెలలు ఉండివచ్చే భారతీయుడు విదేశీమారకంలో సుంకం కట్టి 5 కిలోల వరకు బంగారం తెచ్చుకోవచ్చునని కేంద్రం అనుమతించింది. 1997లో ఆ పరిమితి 10 కిలోలయింది. అయిదు కిలోల బంగారం కొనగల గల్ఫ్ కూలీ ఎక్కడ ఉంటాడు? వర్తకుని బంగారం, వర్తకుని సుంకం, కూలీ పాస్‌పోర్టు. అతనికి దక్కేది టికెట్టు ఖర్చు, కొంత ముట్టజెప్పినది. అధికారుల పరిభాషలో అతడు ‘క్యారియర్’. ఆరునెలల నిర్బంధశ్రమ వల్ల కలిగిన అర్హతను కొన్ని గంటలకు అద్దెకివ్వడం ఇది. మైళ్ళు కొన్న బ్రోకరుకు, ఈ వర్తకునికి పనిలో తేడా లేదు. అక్కడ వ్యక్తికి అతుక్కున్న హక్కును విడదీయడాన్ని సంస్థ అడ్డుకున్నది. ఇక్కడ అధికారికమార్గాన బంగారం వస్తే దొంగరవాణా తగ్గుతుందన్న ఆశతో ప్రభుత్వం చూసీచూడనట్లు ఊరుకున్నది.

బరువును అద్దెకివ్వడం నేటికీ ఉన్నది. తనకున్న 30 కిలోలలో పది ఖాళీగా ఉంటే తెలిసినవారి పొట్లం పెట్టుకోవడం, అందుకు కిలోకింత అని పుచ్చుకోవడం అమెరికా ప్రయాణాలలోనూ గల్ఫ్ ప్రయాణాలలోనూ సాధారణం. ఆవకాయ, పూతరేకులు, నాటుమందులు ఇలా సముద్రాలు దాటుతాయి. ప్రమాదం ఇక్కడే ఉంది. పెట్టెకు అతికించే చీటీమీద ప్రయాణికురాలి పేరే ఉంటుంది గనుక, లోపలిది ఎవరిదైనా జవాబు చెప్పవలసినది ఆమె. మన వంటింటి గసగసాలు సౌదీ అరేబియాలోనూ, యు.ఏ.ఇ.లోనూ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. కొన్ని రకాల నొప్పిమాత్రలదీ అదే పరిస్థితి. మసాలాపొడుల మధ్య ఒక పొట్లం గసగసాలు ఉన్నాయని తెలియక పట్టుబడినవారికి, తెలియదన్న జవాబు అక్కరకు రాదు. కోనసీమవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఎండు కొబ్బరికి దానంతటదే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్నందున విమానరవాణాలో అది ప్రమాదకరవస్తువుల జాబితాలో ఉంది. అంబాజీపేట కురిడీ ఎంత శుభప్రదమైనా లగేజీలో దానికి చోటు లేదు.

ఈ అద్దెలో లాభమూ నష్టమూ సమానంగా పంచుకోవడం జరగదు. పొట్లం పంపినవారికి కొరియరు ఖర్చు మిగులుతుంది. పట్టుబడితే పాస్‌పోర్టు, ఉద్యోగం, స్వేచ్ఛ పోగొట్టుకునేది మోసినవారు. భాష తెలియని దేశంలో యజమాని ఇంటికే పరిమితమైన స్త్రీకి అప్పుడు పలికే దిక్కు రాయబారకార్యాలయం ఒక్కటే. విమానంలోని దుప్పటి తీసుకుపోవడం గురించి ఎంతో నవ్వుకునే సమాజం, మోహమాటానికి పుచ్చుకున్న పొట్లం గురించి అంతగా మాట్లాడకపోవడం విచారకరం.

7. పెట్టెలోని మొక్క

కడియానికి సంబంధించినంతవరకు ఈ చర్చలో చివరిమెట్టు మొక్కది. థాయ్‌లాండ్ వంటి దేశాల అలంకరణమొక్కలు కడియం నర్సరీలలో విరివిగా పెరుగుతున్నాయి. ప్రయాణికుని సంచిలో పట్టే అతి తేలికైన, తిరిగి అమ్మితే అత్యంత లాభసాటి వస్తువు కూడా మొక్కే. ఒక్క కొమ్మ నుండి వెయ్యి అంట్లు తీయవచ్చు. దుప్పటి ఒక్కసారే అమ్ముడవుతుంది. మొక్క తనను తాను పెంచుకుంటుంది. అందువల్లనే విలువపరిమితి దీనికి కొలత కాజాలదు.

1914 నాటి హానికరకీటకాల చట్టం కింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, నాటడానికి తెచ్చే మొక్కకు, అంటుకు, విత్తనానికి దిగుమతి అనుమతిపత్రం, పంపే దేశం ఇచ్చిన ఆరోగ్యధ్రువపత్రం ఉండాలి. మట్టి అంటిన వేరును అసలే అనుమతించరు. కొన్ని జాతులను దిగుమతి తరువాత కూడా విడిగా ఉంచి పరిశీలించాలి. నర్సరీలు సక్రమంగా తెప్పించుకునే మొక్కలు ఈ దారినే వస్తాయి. చేతిసంచిలోని మొక్క ఈ దారిని తప్పించుకుంటుంది. దానితోపాటు ఆకుమాటున ఉండే గుడ్లు, బూజు కూడా తప్పించుకుంటాయి.

పరాయికీటకం ఏమి చేయగలదో డెల్టాకు అనుభవమే. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరిలో కనిపించి, అనతికాలంలో కడియం నర్సరీలకు, గోదావరి కొబ్బరితోటలకు, ఆయిల్‌పామ్ తోటలకు పాకింది. ఆకు అడుగున తెల్లని వలయాలు, పైన నల్లని మసి బూజు – కోనసీమ రైతు ఈ లక్షణాలను ఇప్పుడు చూడగానే గుర్తుపడతాడు. అంబాజీపేట ఉద్యానపరిశోధనస్థానం దీని నియంత్రణకు ఉపయోగపడే శిలీంద్రాన్ని పెంచి రైతులకు అందించవలసి వచ్చింది. ఈ పురుగుకు పాస్‌పోర్టు అక్కరలేదు, నర్సరీ నుండి నర్సరీకి వెళ్ళే మొక్క చాలు.

సొంతవాడకం కోసం తెచ్చే కోసిన పూలకు, దండలకు, పండ్లకు, కూరగాయలకు మాత్రం రెండు కిలోల లోపు అయితే అనుమతిపత్రం నుండి ఆ ఉత్తర్వు సడలింపునిచ్చింది. కోసిన పువ్వు వాడిపోతుంది, పండు తినేస్తారు. అవి మరొకరి తోటకు చేరవు. వేరున్న మొక్క, చిగురున్న అంటు, మొలకెత్తగల విత్తనం ఎంత తేలికైనా, ఇంటి కుండీ కోసమే తెచ్చామన్నా, ఎవరికీ అమ్మబోమన్నా ఆ సడలింపు వాటికి వర్తించదు.